తోమిన అచ్చు

కాగే నూనెలోంచి ఇనుప అచ్చును పైకెత్తి, గున్నమ్మ దాన్ని పిండిలో ముప్పాతిక వరకే దించింది. అంచు మునిగిందా, పువ్వు అచ్చును వదలదు. సుయ్‌మన్న చప్పుడు విని మళ్ళీ నూనెలో పెట్టింది. రెండుసార్లు మణికట్టు ఆడించేసరికి గులాబీ పువ్వు విడిపోయి పైకి తేలింది.

గరివిడిలో నరసింగరావు మేస్టారింట్లో పన్నెండేళ్ళుగా క్రిస్మస్‌కి గులాబీ పువ్వులు వేసేది ఆమే. నల్లగా, సన్నగా, పొయ్యి సెగకి కనుబొమలు పలచబడిన మనిషి. కుడి ముంజేతి నిండా నూనె చిట్లిన మచ్చలు. మొగుడు లక్ష్ముడు పోయాక ఆ చేత్తోనే కూతురు దేవిని పెంచి, భావనపాడులో ఒకింటిదాన్ని చేసింది. ఊళ్ళో ఎవరింట పండగైనా పొయ్యి దగ్గర గున్నమ్మ ఉండాల్సిందే. పంక్తిలో మాత్రం ఆమెను చూసినవాళ్ళు లేరు.

కిందటేడు చర్చిలో ఆడవాళ్ళు పువ్వు కొరికి, "ఎవరేసినారమ్మా ఇవి?" అని అడిగారు. డబ్బా పట్టుకుని గున్నమ్మ అక్కడే నిలబడి ఉంది. మేస్టారి భార్య అరుణశ్రీ నవ్వి, "నా సేతివే. ఇది పొయ్యిలో పుల్లలెగదోస్తాది, అంతే" అంది. ఆ మాట ఏడాదిగా గున్నమ్మ గొంతులో ముల్లై కూర్చుంది. మింగుడు పడలేదు. పడనివ్వనూ లేదు.

ఆఖరి వాయి దించుతుండగా అరుణశ్రీ పెరటి గుమ్మంలోకి వచ్చింది.

"రేపు సంఘం ఆడోళ్ళు పదిమంది వస్తన్నారు, నానెలాగేస్తానో సూడ్డానికి. పిండి కలిపి ఉంచీ. నువ్వు మాత్రం రాకు."

"రాన్లెండమ్మా. సాయంత్రం బండికి నా కూతురి కాడికి ఎలిపోతన్నాను. ఇంక ఈ ఊరు రాను."

"మంచిదే. ఎల్లేముందు ఆ అచ్చు తోమీ. మసిబట్టి ఎలాగున్నాదో సూడు. పదిమందిలో సిగ్గుసేటు."

గున్నమ్మ చెయ్యి ఆగిపోయింది. పన్నెండేళ్ళు నూనె తాగి నల్లబడిన అచ్చు అది. పాత గుడ్డతో తుడవడమే తప్ప దానికి సబ్బు చూపించి ఎరగదు. సబ్బు తగిలిందా, మళ్ళీ మూడ్రోజులు నూనెలో నాని, కాగితేగానీ ఒక్క పువ్వునూ విడవదు. పువ్వు వేసిన మనిషైతే అచ్చు తోమమని అననే అనదు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. పుల్లలెగదోసేదానికి ఇవన్నీ ఎందుకు?

"అలాగేనమ్మా. బాగా తోముతాను" అంది.

నూతి దగ్గర కూర్చుని చింతపండుతో, సబ్బుతో, కొబ్బరిపీచు అరిగేలా ఒక్కో రేకూ తోమింది. పన్నెండేళ్ళ నలుపు గంటలో కారిపోయింది. ప్రాణం ఉసూరుమంది. అచ్చు కోసమే, అరుణశ్రీ కోసం కాదు.

"అబ్బ! ఇన్నాళ్ళకి ఒక్క పని సుబ్బరంగా సేసినావే!" అని మురిసిపోయింది అరుణశ్రీ.

గుడ్లు, కొబ్బరిపాలు పోసి గున్నమ్మ పిండి కలిపి ఫ్రిజ్‌లో పెట్టింది. వంక పెట్టడానికి వీల్లేకుండా కలిపింది. రేపు తప్పు పిండిదని ఎవరూ అనకూడదు.

సాయంత్రం పలాస పాసింజరు ఎక్కింది. చీపురుపల్లి దాటాక, అరుణశ్రీ మీద జాలి పడదామని చూసింది. రాలేదు. కొంగుముడి విప్పి, విరిగిన పువ్వు ముక్క నోట్లో వేసుకుని కరకరా నమిలింది.

గరివిడిలో మేస్టారి వంటింటి గోడకి, రేపు వచ్చే పదిమంది కోసం, మచ్చయినా లేని అచ్చు తళతళలాడుతూ వేలాడుతోంది.