వాడినవారి అజాగ్రత్త

ఆఫీసులో ఆయన్ని అందరూ డాక్టరుగారనే పిలుస్తారు. ఆయన ఏ డాక్టరీ చదవలేదు. కానీ ఫోను చార్జింగ్ ఎక్కకపోయినా, లాప్‌టాప్ గుడ్లు తేలేసినా ఆయన బల్ల దగ్గరికి రావాల్సిందే. ముందు సాకెట్ మార్చి చూస్తాడు, తర్వాత కేబుల్ మారుస్తాడు, ఆపైన టూత్‌పిక్‌తో చార్జింగ్ రంధ్రంలోని దుమ్ము తీస్తాడు. పదింట ఎనిమిది అక్కడే లేచి కూర్చుంటాయి. మిగతా రెండింటికీ ఒక చీటీ రాసి మేనేజరుకు పంపిస్తాడు: "వాడినవారి అజాగ్రత్త."

ఉత్తరాల విభాగంలో చేరిన కొత్తమ్మాయికీ అలాంటి చీటీయే పడింది. ఆమె లాప్‌టాప్ చార్జరు పెట్టి ఉండగానే నీరసించి, పని మధ్యలో ఆరిపోయేది. డాక్టరుగారు తన వైద్యమంతా చేశాడు. ఏమీ దొరకలేదు. ఆ మాట ఒప్పుకుంటే డాక్టరు పేరుకే మచ్చ కదా! అందుకని పదిమందీ వింటుండగా, "వైరు పట్టుకుని లాగితే ఇంతేనమ్మా. ఇదేమైనా బావి తాడా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పిల్ల తల వంచుకుంది. శుక్రవారంతో ఆమె మూడు నెలల ప్రొబేషన్ గడువు పూర్తవుతుంది. ఫైల్లో ఆ చీటీ ఉంటే ఉద్యోగం ఊడినట్టే.

గురువారం మధ్యాహ్నం ఆమె చార్జరు పట్టుకుని ఆయన గదికి వచ్చింది.

"సార్, దీని వెనకాల ఎన్ని వాట్లని రాసుందో కాస్త చూసి చెప్తారా?"

ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, చెయ్యి చాచి దూరంగా పెట్టాడు. నల్లటి డబ్బా మీద చీమలు బారు తీరినట్టుంది తప్ప ఒక్క అంకె కనిపిస్తే ఒట్టు.

"అరవై ఐదు. నీ లాప్‌టాప్‌కి కావలసింది సరిగ్గా అదే. నేనే కదమ్మా ఇచ్చింది?"

ఆమె ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. "సరే సార్," అని చార్జరు బల్ల మీదే వదిలి వెళ్ళిపోయింది.

ఆ చూపు ఆయన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. తలుపు దగ్గరగా వేసి, ఫోనుతో ఫోటో తీసి, పెద్దది చేసి చూశాడు. నలభై ఐదు. పని ఎక్కువైతే ఆ లాప్‌టాప్‌కి ఇది ఏ మూలకూ చాలదు. ఆమె ముందే చదివింది. తప్పు ఆయన నోటితోనే చెప్పుకునే వీలిచ్చి, పరువు కాపాడదామని వచ్చింది. ఆయనేమో ముఖం మీదే అబద్ధమాడాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కళ్ళద్దాలు పెట్టుకుంటే ముసలివాడైపోయాడంటారని దాచుకున్న సంగతి కోసం ఒక పిల్ల నోటి దగ్గర కూడు లాగేయబోయాడు.

మేనేజరు దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పేశాడు.

"ఎప్పట్నించయ్యా ఇది?"

"రెండేళ్ళయింది సార్. చిన్న అక్షరాలు ఆనవు."

మేనేజరు చీటీ తీసి చింపేశాడు. డాక్టరుగారికి ప్రాణం లేచొచ్చింది. అయితే మేనేజరు అంతటితో ఆగలేదు. బీరువా తెరిచి, ఒక అట్టపెట్టె ఆయన ముందు పెట్టాడు. అందులో పదకొండు చార్జర్లున్నాయి. ఒక్కోదానికీ ఒక్కో చీటీ కట్టి ఉంది. అన్నీ ఈ రెండేళ్ళలో ఆయన రాసినవే.

పెట్టె మోసుకుని ఆయన ఉత్తరాల విభాగానికి వెళ్ళాడు. అందరూ తలలెత్తి చూశారు.

"అమ్మా, ఇందాక నీకు అబద్ధం చెప్పాను. నాకు కనబడదు. వీటి మీద ఏముందో చదివి పెట్టమ్మా."

ఆమె మొదటిది అందుకుంది. "ఇదీ నలభై ఐదే సార్." చీటీ తిప్పి చూసింది. "గోడౌన్ గుమాస్తా అని ఉంది. ఆయన ఎక్కడ కూర్చుంటారు?"

ఆ గుమాస్తాని పంపించేసి ఏడాదిన్నర దాటింది. వెళ్ళేరోజు అతను పనిగట్టుకుని డాక్టరుగారి గదికి వచ్చి, "నాకే వాడటం చేతకాలేదు సార్, మీకు శ్రమ ఇచ్చాను, ఏమనుకోకండి," అన్నాడు. డాక్టరుగారు అతని భుజం తట్టి, పెద్దమనసుతో క్షమించాడు.