మా కారుకి చోటు

అతన్ని అందరూ రివర్స్ మాస్టారనే పిలుస్తారు. డ్రైవింగ్ స్కూల్లో కారు వెనక్కి నడపడం అతనంత బాగా నేర్పేవాడు లేడు. అలాంటి మనిషి సొంత కారు వీధిలో పెట్టుకుంటే, ఎవరో ఒకసారి అద్దం విరగ్గొట్టారు, ఇంకోసారి ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా గీత గీసి పోయారు. మాస్టారి ప్రాణం ఉసూరుమంది. ఇంటి వెనక పెరడుంది, పెరటి గోడ అవతల సందుంది. గోడ కాస్త పగలగొట్టి గేటు పెట్టి, నేలంతా సిమెంటు పలకలు పరిపిస్తే కారు ఇంట్లోనే సుఖంగా పడుంటుంది. ఇంత మంచి ఆలోచనకి ఎవరు అడ్డు చెబుతారు?

ఎవరూ చెప్పలేదు. తిరకాసంతా అక్కడే వచ్చింది.

భార్య "మీ ఇష్టం" అంది. పెళ్లయినప్పటి నుంచీ ఆ మాటకి అర్థం ఏమిటో తేలలేదు కాబట్టి మాస్టారు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. అక్క మాత్రం కుట్టుమిషను ఆపి అతని ముఖంలోకి కాసేపు చూసింది. "అలాగేరా, చేయించుకోండి" అని మళ్లీ మిషను తొక్కింది.

బావ పోయాక అక్క ఈ ఇంటికే వచ్చేసింది. పెరటి వైపు గది ఆవిడది. పెరట్లోకి తలుపు, తలుపు పక్కన కిటికీ, కిటికీ కింద మిషను. ఊళ్లో సగం మంది జాకెట్లు అక్కడే తయారవుతాయి. ఇంట్లో కర్టెను రంగు మార్చాలన్నా వారం రోజులు వాదించే మనిషి, తన గుమ్మం ముందు నేలంతా కప్పేస్తామంటే కిమ్మనలేదు. మాస్టారు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. ఎంత తెలివితక్కువ సంతోషమో అది!

మేస్త్రీ వచ్చాడు. పనికంటే మాటలు రెండింతలు చేస్తాడు గానీ పని చెడగొట్టే రకం కాదు. గోడ పడింది, కంకర దిగింది. మాస్టారు స్కూలుకి బయల్దేరుతుంటే మేస్త్రీ పిలిచి, పెరటి నేల జానెడు ఎత్తు పెరుగుతుందని చెప్పాడు. తవ్వి దించుదామంటే కింద స్నానాల గది పైపు అడ్డం. నేల పెరిగితే బయటికి తెరుచుకునే అక్క గది తలుపు ఇక తెరుచుకోదు. మాస్టారు గాభరాపడి, మరి ఎలా అన్నాడు.

"దానికేముందండి, ఇటుకలు కట్టి మూసేయమన్నారుగా."

"ఎవరు?"

"మీ అక్కగారే. గది ఎలాగూ ఖాళీ అయిపోతోందటగా."

మాస్టారికి బుర్ర తిరిగిపోయింది. ఖాళీ కావడమేమిటి? ఎవరు చేయిస్తున్నారు? గబగబా వంటింట్లోకి వెళ్లి భార్యని అడిగాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. బట్టల దుకాణం పైన గది తీసుకుని వదిన సగం సామాను అప్పుడే చేరవేసిందని చెప్పింది. వదినని పంపేస్తున్నది భర్తే అనుకుని కొన్నాళ్లుగా ఆవిడ అతనితో ముక్తసరిగా మాట్లాడుతోంది. మాస్టారేమో ఆవిడకి పన్ను నొప్పి కాబోలనుకున్నాడు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కుక్కర్లో అన్నం తింటూ ఇంత అయోమయం ఎలా పుట్టిందో అతనికి అంతుపట్టలేదు.

అక్క గదిలోకి వెళ్లాడు. ఎందుకు వెళ్లిపోతున్నావని అడిగేశాడు.

"నువ్వేగా అన్నావు, మా కారుకి చోటు కావాలని," అంది అక్క, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"కారుకి చోటు కావాలన్నాను. నిన్ను పొమ్మన్నానా?"

"మా కారు అన్నావురా. నాతో మాట్లాడేటప్పుడు మన కారు అనాలి."

నిజమే, అలా అనే ఉంటాడు. పొద్దస్తమానం నేర్చుకునేవాళ్ల మీద "ఇది మా కారు, మీ సొంత బండి కాదు" అని అరిచీ అరిచీ నాలుకకి అదే అలవాటైపోయింది. ఒక్క అక్షరం! ఆ సంగతే తడబడుతూ చెప్పుకున్నాడు. లెంపలేసుకోబోతే అక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

"పొరపాటున అన్నావని నాకు అప్పుడే తెలుసు."

"తెలిస్తే మరి ఎందుకు?"

"వెళ్లాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. మీరంతా ఇంత బాగా చూసుకుంటుంటే ఏమని చెప్పి వెళ్లను? ఆ మాట దొరికింది, పట్టుకున్నాను."

ఇదెక్కడి చోద్యం? సరిగా చూడకపోతే వెళ్లిపోతారు గానీ, బాగా చూస్తే వెళ్లడానికి కారణం వెతుక్కుంటారా? అక్క నిదానంగా చెప్పింది. ఇక్కడ తనకి ఏ లోటూ లేదట. కానీ పుట్టింట్లో నాన్న, ఆ తర్వాత బావ, ఇప్పుడు తమ్ముడు, రాత్రి తలుపు వేసే మనిషి ఎప్పుడూ ఇంకొకరేనట. ఒక్కసారైనా తన గది తాళం తనే వేసి, తాళంచెవి తన కొంగున కట్టుకుని తిరగాలని ఉందట. మాస్టారు విన్నాడు. సగం అర్థమైంది, ఆ సగమే ఎక్కువ బాధపెట్టింది.

పని ఆపించేస్తాను, కారు వీధిలోనే చస్తుందన్నాడు. పని ఆగినంత మాత్రాన తను ఆగనని అక్క అంది. బయటి నుంచి మేస్త్రీ తలుపు సంగతి ఏం చేయమంటారని కేకేశాడు. మాస్టారు కిటికీలోంచి తల బయటపెట్టి, ఇటుకలు వద్దు, తలుపు తీసి లోపలికి తెరుచుకునేలా బిగించమన్నాడు. ఖాళీ గదికి అంత పనెందుకని మేస్త్రీ ఏదో అనబోతే, చెప్పింది చెయ్యవయ్యా అని కసిరాడు.

మిషను కారు వెనక సీట్లో పట్టింది. అక్క ముందు కూర్చుంది. దారంతా మాస్టారికి ఒక నిమిషం కోపం, ఒక నిమిషం ఏడుపు. తెలిసిన దారే మర్చిపోయి రెండుసార్లు ఒకే సందు తిరిగాడు.

మిషను మోసుకుని పైకెక్కారు. గది చిన్నదే. కిటికీ మంచిది. అక్క కొత్త తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంటే, మాస్టారు చెమట తుడుచుకుంటూ చెయ్యి చాపాడు.

"ఇంకో తాళంచెవి నాకివ్వు. అవసరానికి ఉంటుంది."

అక్క రెండు చెవులూ కొంగున ముడి వేసుకుంది.

"ఇవ్వను. వచ్చి తలుపు కొట్టు. నేనొచ్చి తీస్తాను."