పదకొండు గుండీల సూట్

మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. బయట నాలుగు డిగ్రీల చలి. ఉదయం నుంచి పడుతున్న సన్నని వాన పావుగంట కిందటే తెరిపి ఇచ్చింది. గాలి మాత్రం ఇంకా కిటికీ తలుపులను తడుతూనే ఉంది. తాళాల దుకాణం మీద ఉన్న మూడు గదుల ఇంట్లో, తెరిచిపెట్టిన రెండు సూట్‌కేసుల మధ్య, కోడలు స్కీ సూట్ తొడుక్కుని నిలబడి ఉంది. అది పైభాగం, కిందిభాగం కలిపి కుట్టిన దుస్తు. పొత్తికడుపు నుంచి గొంతుదాకా ఒకటే జిప్పు. మణికట్ల దగ్గర, మెడ దగ్గర బిగువైన సాగుపట్టీలు. ఆ జిప్పు ఆమె గొంతు దగ్గర ఇరుక్కుపోయింది.

ఆమె చిక్కులో పడడానికి కారణాలు రెండు. మొదటిది మామగారి నియమం. ఆయన చేసిన తాళంచెవి ఏదీ తన తాళంలో మూడుసార్లు తిరగనిదే దుకాణం గడప దాటలేదు. ఇంట్లోనూ అదే పద్ధతి. కుటుంబమంతా మొట్టమొదటిసారి మంచు మీద జారే స్కీయింగ్‌కు బయలుదేరుతోంది గనుక, ప్రతి వస్త్రమూ ఒంటికి ఎక్కించి చూశాకే పెట్టెలోకి పోవాలని ఆయన తీర్మానించారు. ఆడపడుచు దగ్గర అడిగి తెచ్చిన ఈ సూట్ వంతు అలా వచ్చింది.

రెండో కారణం సూట్ లోపల, కోడలి ప్యాంటు జేబులో ఉంది. కృత్రిమ కాళ్లూ చేతులూ తయారుచేసే కేంద్రం ఆమెను రెండేళ్ల శిక్షణకు ఎంపిక చేసింది. సంతకం చేసిన అంగీకారపత్రం ఆ సాయంత్రం ఐదింటిలోగా ఆమే తీసుకెళ్లి ఇవ్వాలి. లేకపోతే స్థానం మరొకరిది. నాలుగింటికి చేతితొడుగులు కొనే నెపంతో బయటపడాలని ఆమె అనుకుంది. ఇంట్లో ఎవరి చెవినా వేయలేదు. మూడేళ్లుగా కింద దుకాణంలో ఆకురాయి పట్టి తాళంచెవులు అరగదీస్తున్నది ఆమే. "మా కోడలి చేయి లేకపోతే నా దుకాణం సగం మూసుకోవాల్సిందే" అని మామగారు వచ్చినవాళ్లందరితో గర్వంగా చెప్పేవారు. తిట్టి ఉంటే ఎప్పుడో ఎదురు చెప్పేది. ఆ మెచ్చుకోలే ఆమె నోరు కట్టేసింది.

"కదలకమ్మా. నువ్వు ఊపిరి తీసినప్పుడల్లా పళ్లు జరిగిపోతున్నాయి" అన్నారు మామగారు, కళ్లద్దాలు సర్దుకుంటూ.

"ఊపిరి తీయకపోతే పిల్లే పోతుంది" అంది అత్తగారు.

మేజోళ్లు జతలు చేస్తున్న భర్త నవ్వాడు. "రాకపోతే అలాగే బండెక్కిద్దాం. రేపు పొద్దున ఎలాగూ తొడుక్కోవాల్సిందేగా!"

"నీ మేజోళ్లు నువ్వు చూసుకోరా. ఎడమవి రెండు కలిపావు."

"మేజోళ్లకు ఎడమా కుడీ ఏమిటమ్మా?"

జిప్పును జిప్పుగా చూసి ఉంటే మామగారు కాస్త సబ్బు రాసి మెల్లగా కిందికి లాగేవారు. నలభై ఏళ్ల అలవాటు కొద్దీ ఆయన దాన్ని తాళంగా చూశారు. తాళాల్లో వేసే నల్లటి గ్రాఫైట్ పొడి ఊదారు. సన్నని ఉక్కు పుల్ల తెచ్చి, చెవి ఒగ్గి వింటూ, జిప్పు సందులో పెట్టి తిప్పారు. టిక్కుమని ఒక చప్పుడు వచ్చింది. "అదిగో, లొంగింది" అన్నారు. లొంగింది జిప్పు కాదు, దాని పళ్లు రెండు. అప్పటినుంచి అది పైకీ పోలేదు, కిందికీ రాలేదు.

గోడ గడియారం నాలుగూ ఐదు చూపిస్తోంది.

"కత్తిరించేద్దాం మామయ్యా" అంది కోడలు.

"కత్తిరించడమా!" ఆయన చేతిలో పుల్ల ఆగిపోయింది. "ఈ ఇంట్లో ఇంతవరకూ ఒక్క తాళం బద్దలు కొట్టలేదు. తెరవడం మన పని. బద్దలు కొట్టడం దొంగల పని."

"పైగా అది మీ వదినది" అంది అత్తగారు. "ఒక్కసారే వేసుకుంది. చూసిందంటే ఒంటికాలి మీద లేస్తుంది."

"అయినా అంత తొందరేమిటి? ఎక్కడికైనా వెళ్లాలా?" అని అడిగాడు భర్త.

"లేదు."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆమెకు క్షణం ఆలస్యంగా తెలిసింది. అడిగినవాడు మామూలుగా అడిగాడు. నిజం చెప్పడానికి అంతకంటే తేలిక దారి దొరికేది కాదు. దాన్ని తన చేతులతోనే మూసేసుకుంది. ఇప్పుడు చెబితే శిక్షణ సంగతితో పాటు అబద్ధం సంగతి కూడా చెప్పాలి.

చెమట వీపు మీద నుంచి కాలవలు కట్టింది. తొడకు అంటుకున్న కాగితం మెత్తబడుతున్నట్టు అనిపించింది. సంతకం సిరాతో చేసింది. కేంద్రానికి నడక ఇరవై నిమిషాలు. నాలుగూ ఇరవై ఐదయింది. మామగారు ఇంకా సన్నటి పుల్ల కోసం కిందికి దిగారు, పైకి వచ్చారు, మళ్లీ చెవి ఒగ్గారు. ఆయన మొహంలో విసుగు లేదు. రాత్రిదాకా అయినా అలాగే కూర్చోగలరు.

ఆమె ఆయన చేతిని పక్కకు జరిపి, కుట్టుపెట్టెలోంచి కత్తెర తీసుకుంది. కాలరు పట్టుకుంది. దళసరి గుడ్డ కరకరమని తెగింది. "ఐదింటికి నేనొక కాగితం ఇచ్చి రావాలి, మామయ్యా. కృత్రిమ కాళ్లు చేసే పని నేర్చుకుంటాను. రెండేళ్లు. మీరు అంతగా మెచ్చుకుంటుంటే చెప్పలేకపోయాను."

భర్త చేతిలో ఒంటి మేజోడు వేలాడుతోంది. అత్తగారే లేచి వచ్చింది. గుడ్డను ఒంటికి దూరంగా లాగి పట్టుకుంది.

"అలా కాదే, గొంతు తెగుతుంది. ఇలా వంచి కొయ్యి. ముందే చెప్పి ఏడ్చి ఉంటే జిప్పు పైదాకా లాగేదాన్నే కాదు కదా!"

మామగారు సూట్ వైపు చూడలేదు. పుల్లలను ఒక్కొక్కటిగా తుడిచి తోలుసంచిలో దూర్చుకుంటున్నారు. "కాళ్లా?" అన్నారు చివరికి. "వాటికీ ఆకురాయి పట్టాలా?"

"పట్టాలి, మామయ్యా."

ఆయన తోలుసంచి మూతి బిగించి కిందికి దిగిపోయారు.

ఆమె తడి బట్టలతోనే పరుగెత్తింది. కాగితం ఇచ్చినప్పుడు సమయం నాలుగూ యాభై రెండు. సంతకం కాస్త అలుక్కుపోయింది గానీ చదవడానికి వీలుగానే ఉంది. మర్నాడు అందరూ మంచుకొండలకు వెళ్లారు. ఆమె అత్తగారి దళసరి కోటు వేసుకుని వెళ్లింది. అక్కడున్న మూడు రోజులూ మామగారు ఆమెతో పలకలేదు.

తెగిన సూట్‌కు అత్తగారు పదకొండు గుండీలు కుట్టింది. ఆకురాయి పట్టే మరో నమ్మకమైన చేయి దొరకక, ఆరేళ్ల తరువాత మామగారు దుకాణం మూసేశారు. ఆ చలికాలమే ఆడపడుచు కూతురు ఆ సూట్ వేసుకుని మంచు మీదికి వెళ్లింది. గుండీలన్నీ పెట్టుకోవడానికి ఆమెకు నాలుగు నిమిషాలు పట్టింది.