నెల్లూరు చూపిస్తానన్న మనిషి

కూతురికి నెల్లూరు చూపిస్తానని మొగుడు సమాధానం అన్న పొద్దే రెబెక్కమ్మ గుండెలో రాయి పడింది. పడదా మరి? పదేళ్ల కాపురంలో పెళ్లాన్ని పక్కూరి తిరనాళ్లకైనా తీసుకుపోయిన మనిషి కాదు. ఇల్లు, అల్లూరు రైసుమిల్లు, ఆదివారం గుడి, ఈ మూడు తప్ప నాలుగో దారి ఎరగడు. మిల్లులో ఇంజను చూసే పని ఆయనది. ఇంటికొచ్చినా ఆ ఇంజను దగ్గుల గురించే ఆలోచిస్తా అన్నం కలుపుకుంటాడు. అట్లాంటి మహానుభావుడు చేపల పులుసు ముందర కూర్చోని, శనివారం సెలవు పెట్టినాను, పిల్లను తీసుకొని నెల్లూరు పోతా ఉండాను అన్నాడు.

పైగా ఎట్లా పోవాలో, ఏం చూడాలో అంతా ముందే అనుకోనుండాడు. మొదటి బస్సెక్కాలంట. పెన్న వంతెన మీద బస్సు పోయేటప్పుడు పిల్లను కిటికీ పక్కన కూర్చోబెట్టాలంట. స్టేషన్లో మద్రాసు రైలు ఆగితే ఇంజను దగ్గరికి పోయి చక్రాలు చూపించాలంట. హోటల్లో నెయ్యి దోసె, ట్రంకు రోడ్డులో ఫోటో, పెద్దబజారులో గాజులు. ఆయన చెబుతా ఉంటే ఆరేళ్ల కరుణాకుమారి ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయింది.

ముగ్గురం పోదామని రెబెక్కమ్మ అడిగింది. ఆయన తలెత్తకుండానే, నువ్వెందుకు, ఈ తూరికి మేమిద్దరమే అన్నాడు. ఆ తలెత్తకపోవడమే ఆమెకు ముల్లయి గుచ్చుకుంది.

ఇంత అనుమానం ఎందుకంటారా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె లోపల ఒక సంగతి దాచుకోనుంది. కరుణకు ముందు ఇద్దరు బిడ్డలు పుట్టినట్టే పుట్టి పోయినారు. మూడో కాన్పుకు నెల్లూరు ఆస్పత్రిలో నొప్పులు పడతా, ఈ బిడ్డ బతికితే ఆరేళ్లు నిండగానే నీ సేవకే ఇచ్చేస్తానని దేవుడికి మొక్కుకుంది. అంటే పిల్లను మిషను హాస్టల్లో వదిలేయాల. అక్కడే చదువుకోని, పెద్దదై, పెళ్లీ పేరంటం లేకుండా ఊరూరా తిరిగి దేవుని వాక్యం చెప్పుకోవాల. ఆ మొక్కుబడికి సాక్షి ఒక్కతే, మంచం పక్కన మోకరించిన నర్సు నవోమి. మొగుడికి చెప్పలేదు. ఇదిగో చెబుతా, అదిగో చెబుతా అనుకుంటానే ఆరేళ్లు గడిచినాయి. మొన్న పుట్టినరోజుతో పిల్లకు ఆరు నిండినాయి. ఇయ్యనంటే దేవుడు ఊరుకుంటాడా అని భయం, ఇచ్చి బతకగలనా అని అంతకు మించిన భయం.

పోయిన నెల కన్వెన్షను ప్రార్థన సభలకు ఆ నవోమి అల్లూరు వచ్చింది. పందిరి కింద సమాధానంతో చాలాసేపు మాట్లాడింది. ఆడోళ్ల వరసలో కూర్చున్న రెబెక్కమ్మకు ఆ పొద్దు ప్రసంగం ఒక్క ముక్క చెవిలో పడలేదు. చెప్పేసింది, ఈయనకు చెప్పేసిందని అప్పుడే అనుకుంది. ఇప్పుడీ నెల్లూరు ప్రయాణం. మాట తప్పని మనిషి సమాధానం. గుడిలో పెద్ద. ఆలి మొక్కిన మొక్కు తీర్చకుండా ఉంటాడా? దోసె తినిపించి, ఫోటో తీయించి, సాయంత్రానికి హాస్టల్లో వదిలేసి చేతులు ఊపుకుంటా వస్తాడు.

ఇంక చూడండి ఆమె అవస్థ. మంగళవారం ఆయన రెండు కొత్త గౌన్లు తెచ్చినాడు. తిరగేసి చూస్తే అంచు లోపల జానెడు మడత. నేరుగా టైలరు మస్తానయ్య దగ్గరికి పోయింది. రెండేళ్లు ఎదిగినా సరిపోయేటట్టు కుట్టమని మీ ఆయనే చెప్పినాడమ్మా అన్నాడతను. ఒక్క పూట నెల్లూరుకు రెండేళ్ల గౌను దేనికి? మన బోటివాళ్ల పిల్లల బట్టలన్నీ అట్లే కుడతారని ఆమెకు తెలియదా? తెలుసు. కానీ అనుమానం పెనుభూతం. అది పట్టుకున్నాక తెలిసినవి కూడా తెలియకుండా పోతాయి.

గురువారం ఆయన స్నానానికి పోయినప్పుడు చొక్కా జేబులో పోస్టు కార్డు దొరికింది. ఆమెకు చదువు రాదు. ఇరుగుపొరుగుకు చూపిస్తే ఊరంతా తెలుస్తుంది. ఒకటో తరగతి చదివే కరుణనే పిలిచి కింద ఏముందో చదవమంది. పిల్ల వేలు పెట్టి కూడబలుక్కుంది. న, వో, మి. అంతే, రెబెక్కమ్మకు అది చాలింది. కార్డు లాక్కోని తిరిగి జేబులో పెట్టేసింది. మిగతాది చదవకుండానే పిల్ల ఆటకు పోయింది.

శుక్రవారమంతా ఆయన్నే చూస్తా ఉంది. ఆయన పిల్లకు జడ వేయడం నేర్చుకుంటా, వంకర పాపిడి తీసి నవ్వుతా ఉంటే, ఎంత నటిస్తా ఉండాడు చూడు అని పళ్లు కొరుక్కుంది. ఎదురుగా అడగవచ్చు కదా? అడిగితే తన గుట్టు తానే విప్పాల. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

శనివారం తెల్లారింది. ఆయన గడ్డం గీసుకుంటా ఉంటే రెబెక్కమ్మ పిల్లను వంటింట్లోకి లాక్కుపోయి, ఉల్లిపాయ చీల్చి రెండు చంకల్లోనూ పెట్టింది. అట్లా పెడితే ఒళ్లు కాలిపోతుందని చిన్నప్పుడు బడి ఎగ్గొట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు. గట్టిగా బిగించుకో, నాన్నతో మాట్లాడొద్దు అని చెప్పింది. నెల్లూరు పోయే సంబరంలో ఉన్న పిల్ల ఎంతసేపు బిగించుకుంటుంది? వాకిట్లోకి ఎగిరింది. ఉల్లిపాయ ముక్కలు దొర్లుకుంటా పోయి నాన్న కాళ్ల దగ్గర పడినాయి. అమ్మ పెట్టింది నాన్నా, నాకు జరం రావాలంట అని చెప్పేసింది.

సమాధానం మొహాన సబ్బు నురగతోనే పెళ్లాం వైపు చూసినాడు.

"ఏందే ఇది?"

రెబెక్కమ్మ ఇంక ఆపుకోలేకపోయింది. ఆస్పత్రి మంచం, మొక్కుబడి, నవోమి, గౌను మడత, కార్డు, అన్నీ ఏకరువు పెట్టింది. నా బిడ్డను నేనియ్యను, శాపం తగిలితే నాకే తగలనీ అని నేల మీద కూర్చోని ఏడ్చింది. ఆయన తువ్వాలుతో నురగ తుడుచుకోని ఆమెకెదురుగా కూర్చున్నాడు.

"నాకు నెల కిందటే తెలుసు. పిల్లను ఎప్పుడు తెస్తారని నవోమమ్మ అడిగింది. నాకు తెలుసనుకోని అడిగిందామె."

"చూసినావా? నేనన్నది నిజమే గదా."

"చెప్పేది విను. భార్య మొక్కిన మొక్కుబడిని మొగుడు విన్న రోజే కాదంటే అది చెల్లదు, ఆమెకు దోషం రాదు. విని ఊరుకుంటేనే చెల్లుతుంది. బైబిలు వాక్యంలోనే ఉంది. ఆ పొద్దు సూర్యుడు గుంకక ముందే పందిరి వెనక నిలబడి, ప్రభువా, నా ఇంట్లో ఇది కుదరదని చెప్పేసినా."

రెబెక్కమ్మ ఏడుపు ఆగిపోయింది. ఆ మాట లోపలికి ఎక్కింది. ఎక్కినాక ఒళ్లు మండింది.

"అట్లయితే నెల రోజులు నన్నెందుకు కాల్చుకు తిన్నావు?"

"నీ నోటితో నువ్వు చెబుతావని చూసినా. చెప్పకపోతివి. పిల్లను ఒంటరిగా నెల్లూరు తీసుకుపోతానంటే భయపడైనా చెబుతావనుకున్నా. నెల్లూరు చూపిస్తానన్నది నిజమే. నువ్వు లేకుండా పోతాననేదే అబద్ధం. ముగ్గురూ అన్నానికి రమ్మని నవోమమ్మ రాసింది ఆ కార్డులో."

మెల్లగా అన్నాడు. "ఆరేళ్ల కిందటే చెప్పుంటే, ఆ పొద్దే కాదనేవాణ్ణి గదా రెబెక్కా."

రెబెక్కమ్మకు ఆ ఆరేళ్లూ కళ్ల ముందర తిరిగినాయి. ఇచ్చేయాల్సిన బిడ్డ గదా, మాలిమి చేసుకుంటే రేపు వదలలేనని, ఆరేళ్లూ ఆ పిల్లను చంకనేసుకోని తిప్పింది లేదు, పక్కలో పడుకోబెట్టుకుంది లేదు. నీళ్లు పోసి, అన్నం పెట్టి దూరం జరిగేది. పిల్ల ఏడిస్తే నాన్న దగ్గరికి పొమ్మనేది. ఊరోళ్లు రెబెక్కమ్మది రాతి గుండె అనుకున్నారు. ఇంత చేసిందీ ఉత్త పుణ్యానికేనా?

లేచి కొంగుతో మొహం తుడుచుకోని, వాకిట్లో ఉన్న కరుణను ఎత్తుకుంది. పిల్లకు ఇది కొత్త. కాళ్లు కిందికి వేలాడతా ఉండాయి. సిగ్గుతో అటూ ఇటూ చూసి, అమ్మ భుజాన్ని నెట్టింది.

"దించమ్మా. నేను పెద్దదాన్నయినా గదా, నడుస్తా."

రెబెక్కమ్మ దించలేదు. బస్సు నిలిచే చోటుదాకా, చేతులు పీకతా ఉన్నా, మోస్తానే పోయింది.