పురుగు ఏరిన చెయ్యి

పురుగుల్ని చంపిన చేత్తో పెట్టిన పువ్వును దేవుడు తీసుకుంటాడా అన్న సందేహం పైడయ్యను ఏళ్లుగా వదల్లేదు. ఎవరినీ అడగలేదు. తనకు తానే ఒక కట్టడి పెట్టుకున్నాడు. పురుగుకు ఎడమ చెయ్యి, అన్నానికీ దేవుడికీ కుడి చెయ్యి.

ఆ ఉదయమూ అరకులో సావుకారి అల్లం మడిలో అలాగే కూర్చుని, కుడిచేత్తో బొరిగె పట్టి మొక్క మొదలు తవ్వుతున్నాడు. ఆకులు పండి వాలిన చోటల్లా కింద వేరుపురుగు ఉంటుంది. మట్టి పెళ్లగించగానే బయటపడింది. చిటికెన వేలంత లావు, తెల్లటి ఒళ్లు, కొడవలిలా వంకర, గోధుమరంగు తల. తోకవైపు పలచని తోలు కింద, తిన్న మట్టి నల్లగా కనిపిస్తోంది. ఎడమచేత్తో ఏరితే, వేళ్ల మధ్య చల్లగా మెలికలు తిరిగింది. కాస్త గట్టిగా నొక్కితే చాలు, చిట్లి చీములాంటి రసం గోళ్లలోకి దిగుతుంది. కిరసనాయిలు నీళ్ల డబ్బాలో పడేసి ఉమ్మేశాడు. ఇన్నేళ్లయినా ఆ రోత తగ్గలేదు.

పక్క సాలులో మంగ్లు నవ్వాడు. కొండమీది పల్లె నుంచి పనికి దిగివచ్చే ముసలివాడు. రెండు చేతులతోనూ ఏరతాడు.

"ఏటి బావా, పురుగుని సూసి ఉమ్మేత్తన్నావా, నన్ను సూసా?"

"నీ మొకానికి అదొకటే తక్కువ."

"నా అంబలి బాకీ మటుకు మర్సిపోకు."

ఆ బాకీ పాతది. పైడయ్య పనిలో చేరిన ఏడాది జ్వరంతో గట్టుమీద పడిపోతే, మంగ్లు తన ఎండు సొరకాయ బుర్రలోని రాగుల అంబలి పట్టాడు. బుర్ర మూతి దగ్గర పురుగు రసం అంటిన అతని వేళ్లు కనిపించాయి. తాగిందంతా పైడయ్య అక్కడే కక్కేశాడు. ఆ పూట మంగ్లు పస్తు ఉన్నాడు. "మల్లీ తాగి, కడుపులో దాసుకుని తీర్సు" అని అప్పటినుంచీ ఎగతాళి. రోజూ బుర్ర చాపుతాడు, పైడయ్య మొహం తిప్పుకుంటాడు.

మధ్యాహ్నం మంగ్లు నవ్వలేదు. కొన్నాళ్లుగా ఉన్న ఆయాసం ముదిరినట్టుంది. పెదవులు నల్లబడి, గట్టున సిల్వర్ ఓక్ చెట్టుకు చేరగిలబడ్డాడు. ఒళ్లోని బుర్ర ఎత్తబోతే చెయ్యి జారిపోయింది.

"నువ్వు పట్టు బావా. సేతులు లేవట్నేదు."

పైడయ్య తన చేతులు చూసుకున్నాడు. పొద్దుటినుంచీ పురుగు విపరీతం. ఎప్పుడు మరిచాడో, కుడిచేతి గోళ్లలోనూ అదే రసం.

"ఉండు, గెడ్డ నీళ్లలో కడుక్కొచ్చేత్తాను."

"అందాకా నాను ఉండను. బేగి పట్టు."

పట్టాడు. మంగ్లు రెండు గుక్కలు మింగి తల అడ్డంగా ఊపాడు. మిగిలింది నువ్వు తాగమన్నట్టు బుర్ర వైపు, పైడయ్య వైపు చూశాడు.

బుర్ర మూతి జిగురుగా మెరుస్తోంది. పైడయ్య కళ్లు మూసుకుని బుర్ర ఎత్తాడు. గొంతు ఒకసారి ఎగదన్నింది. మింగాడు. బుర్ర ఖాళీ అయ్యేదాకా మింగాడు. అంబలి లోపల నిలిచింది.

"సూడు మంగ్లూ, నీ బాకీ తీరిపోనాది."

మంగ్లు కళ్లు రెప్ప పడకుండా అల్లం మడివైపే తెరిచి ఉన్నాయి. పైడయ్య కుడిచేత్తోనే వాటిని మూశాడు. కడుక్కోవాలన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

చెట్టు మొదట్లో ఖాళీ సొరకాయ బుర్ర ఒరిగి ఉంది, మూతి చుట్టూ ఇద్దరి వేళ్ల మరకలతో.