మన్సూర్ చెవి

మూడో డబ్బా కూడా విప్పి, అందులోంచి పన్నెండు-పదమూడు సైజు పానా ఒకటి తీసి, రెండు వేళ్ళ మధ్య వదులుగా వేలాడదీసి, ఇంకో పానాతో టక్కున కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు మన్సూర్. టక్కుమన్న దెబ్బ వినపడింది. దాని వెనక రావాల్సిన పలుకు రాలేదు.

నట్లు విప్పే పానా మంచి ఉక్కుతో చేసిందైతే, దెబ్బ తగిలాక దానిలోంచి సన్నటి పలుకొకటి లేచి, కాసేపు సాగి, తనంతట తాను సద్దుమణుగుతుంది. లోపల పగులున్నా, పోతపోసిన నాసిరకమైనా ఠప్పుమని ఊరుకుంటుంది. పైన మెరుపు ఎంతైనా పూయొచ్చు, గొప్పగొప్ప ఇంగ్లీషు అక్షరాలు ఎన్నైనా చెక్కొచ్చు, పలుకుని మాత్రం ఎవడూ పూయలేడు. నమ్మనివాళ్ళు నమ్మకపోనీ, పిడుగురాళ్ల మెకానిక్కులు నమ్మారు. బస్టాండు దగ్గర గోపాలకృష్ణయ్య కొట్టుకొచ్చి, ఇది మన్సూర్ భాయ్ కొట్టి చూసిందేనా అని అడిగి మరీ కొనుక్కుపోతారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన చెవి దాటి బయటికెళ్ళిన పానా ఒక్కటి కూడా విరిగి వెనక్కి రాలేదు. ఆయనకున్న ఆస్తల్లా ఆ ఒక్క మాటే.

మనిషిని చూస్తే ఏమంత లేదు. అరవై ఒకటో ఏడు. బక్కపలచటి ఒళ్ళు, కుడి భుజం ఎడమదానికంటే ఒక అంగుళం కిందికి దిగి ఉంటుంది. వేళ్ళ కణుపులు బోల్టు తలకాయల్లా లావెక్కాయి. గోళ్ళ కింద గ్రీజు నలుపు ఏ సబ్బుకీ లొంగక అలాగే స్థిరపడిపోయింది. ఎడమ చెవి తమ్మె మాత్రం కాస్త ఎర్రగా, నున్నగా ఉంటుంది. వేల పానాలు దానికి ఆనించి చూసిన గుర్తు అది.

కొత్త సరుకే దొంగది అనుకున్నాడు ముందు. తిట్టుకుంటూ పాత సరుకు తీశాడు. పోయిన నెల తనే మంచివని ఏరి పక్కన పెట్టిన పానాలవి. కొట్టాడు. పలకలేదు. షావుకారు గోపాలకృష్ణయ్య తన సొంత కారు కోసం ఉంచుకున్న పాత పానా ఒకటుంది, దాన్ని తాకితే చాలు పాట ఎత్తుకుంటుంది. దాన్నీ కొట్టాడు. ఠప్పుమని ఊరుకుంది.

పోనీ చెవుడొచ్చిందా అంటే అదీ కాదు. రోడ్డు మీద రాళ్ళ లారీలు గేరు మారుస్తున్న మోత వినపడుతోంది. గోపాలకృష్ణయ్య గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఫోనులో ఎవరినో బతిమాలుతున్నది ప్రతి ముక్కా వినపడుతోంది. చిత్రమేమిటంటే లోకంలో అన్నీ వినపడుతున్నాయి, ఉక్కు పలుకొక్కటే లేదు.

మన్సూర్ పానా కింద పెట్టేసి స్టూలు మీద చతికిలబడ్డాడు. భయపడ్డాడు, దాచడమెందుకు? ఆ భయానికి కారణం ఆయనకొక్కడికే తెలుసు.

నరసరావుపేట షెడ్డులో ఆయనకు పని నేర్పిన గురువు హబీబ్ ఉస్తాద్. పానా చెవిన పెట్టి వినడం నేర్పింది ఆయనే. ఒకనాడు పొద్దున పది గంటలప్పుడు ఉస్తాద్ రింగు పానా ఒకటి కొట్టి, తల విదిలించి, "ఇయ్యాల ఇనుము పలకట్లేదురా మన్సూరూ" అన్నాడు. మన్సూర్ కొట్టి చూస్తే అది బ్రహ్మాండంగా పలికింది. ఉస్తాద్ నవ్వి ఊరుకున్నాడు. ఆ సాయంత్రం లారీ టైరుకి వీపు ఆనించి కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడు. పొద్దున అన్న మాట సంగతి మన్సూర్ ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. భార్యక్కూడా.

ఆ భార్య సయీదాకే ఇప్పుడు ఫోన్ చేశాడు. ఏం కూర వండుతున్నావని అడిగాడు. ఆవిడ హడలిపోయింది. పెళ్ళయిన దగ్గర్నించీ కొట్టు టైములో ఫోన్ చేసిన పాపాన పోని మనిషి కూర సంగతి అడగడమేమిటని నిలదీసింది. ఊరికే చేశానన్నాడు. గోంగూర అంది. సరేనని పెట్టేశాడు. ఇంటికి పోదామని లేచాడు కూడా. పోయి ఏం చేయాలి? మంచం మీద పడుకుని దానికోసం ఎదురుచూడాలా? మళ్ళీ కూర్చున్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకి ఒక జంట కొట్టు మెట్లెక్కింది. సాల్మన్ రాజు దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో చేస్తాడు. కుడి కనుబొమ్మ మీద ఆరు కుట్లు, ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పక్కన భార్య చిన్నారి, అతన్ని పోలీసు స్టేషనుకి పట్టుకొచ్చినట్టు మోచేయి వదలకుండా నిలబడింది.

వాళ్ళ కథ పెద్దదేం కాదు. మూడు చేతులు మారిన పాత కారొకటి కొన్నారు. షెడ్డుకి తీసుకెళ్ళిన ప్రతిసారీ నెల బడ్జెట్టు ఎగిరిపోతోందని, ఆదివారం ఆరాధన అయ్యాక సాల్మన్ రాజే ఫోనులో వీడియోలు చూసి బాగుచేసుకోవడం మొదలుపెట్టాడు. ఆన్‌లైన్లో నూట ఎనిమిది సామాన్ల డబ్బా తెప్పించాడు. చవగ్గా వచ్చిందని మురిసిపోయాడు. మొన్న కారు కింద దూరి ఆయిల్ బోల్టు విప్పుతుంటే పద్నాలుగు-పదిహేను పానా పెటుక్కున విరిగి, విరిగిన ముక్క ముఖానికి తగిలింది. అరంగుళం కిందికి తగిలితే కన్ను పోయేదని డాక్టరు చెప్పినప్పటి నుంచీ చిన్నారికి నిద్ర లేదు. కారు అమ్మేయమంటే మొగుడు వినడు. అందుకని సామాను తన కళ్ళముందు కొనాలని సెలవు పెట్టి మరీ వచ్చింది.

"విరగని సామాను ఇయ్యి బాబాయ్. ఈయన మళ్ళీ దాని కిందకే దూరతాడు" అంది.

మన్సూర్ చూపు డబ్బాల వైపు తిప్పుకున్నాడు. అయినా అలవాటైన మాటలు వాటంతటవే వచ్చాయి. నూట ఎనిమిది ఇంట్లో దేనికి, పెళ్ళి సారె పెట్టుకోవడానికా అన్నాడు. ఎనిమిది నుంచి పంతొమ్మిది దాకా ఆరు రింగు పానాలు, ఒక రాచెట్టు పిడీ దానికి తగిలించే నాలుగు సాకెట్లూ, రెండు స్క్రూడ్రైవర్లు, ఒక కటింగ్ ప్లేయరు, అంతే. సుత్తి ఏదైనా ఒకటే, అక్కడ డబ్బు తగలేయొద్దు. జోరు పడే చోట మాత్రం పిసినారితనం పనికిరాదు. జాకీ ఒక్కదాన్ని నమ్మి ఎవడూ కారు కింద దూరకూడదు, రెండు స్టాండ్లు పెట్టాకే తల లోపల పెట్టాలి. ఈ ముక్క చిన్నారి వైపు తిరిగి చెప్పాడు.

ఇక పానాలు ఏరాలి. ఒక్కొక్కటే వేలాడదీశాడు, కొట్టాడు, చెవికి ఆనించాడు. వింటున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. ఒట్టి నటన. చేతికి బరువు తెలుస్తోంది, వేలికి మూతి అంచు నునుపు తెలుస్తోంది, చెక్కిన అక్షరాలు కనపడుతున్నాయి. వాటిని బట్టి ఆరు ఏరి, కాగితంలో చుట్టి, దారం కట్టాడు. షావుకారు బిల్లు రాశాడు. మొగుడూ పెళ్ళాలు మూట తీసుకుని మెట్లు దిగారు.

సాల్మన్ రాజు మూటని చంకలో పెట్టుకుని బండి స్టాండు తీస్తున్నాడు. ఆ కుట్లు ఎండలో తళుక్కుమన్నాయి. ఇంకొన్ని గంటల్లో పోయేవాడికి పరువుతో పనేమిటని మన్సూర్‌కి తోచింది. వెంటనే సిగ్గేసింది. పోయేవాడైతే మాత్రం, ఒకడి కన్ను పోగొట్టి పోవాలా?

"ఆగమ్మాయ్" అని కేకేశాడు. "ఆ మూట ఇటు తే."

వాళ్ళు తిరిగొచ్చారు. మన్సూర్ దారం తెంపి ఆరు పానాలూ బల్ల మీద పరిచాడు. గోపాలకృష్ణయ్య కళ్ళజోడు పైకెత్తి చూశాడు. ఆయన ముందే, ఆ కొట్టులోనే, ఇరవై ఎనిమిదేళ్ళ పేరంతా ఒక్క మాటతో తీసి కింద పెట్టాడు మన్సూర్.

"నాకు ఇయ్యాల పొద్దున్నించీ వీటి పలుకు వినపడట్లేదు. అబద్ధం ఆడి కట్టిచ్చా. నువ్వు విను."

ఎట్లా వినాలో చూపించాడు. సాల్మన్ రాజు రెండు కొట్టి, తన చెవికి అన్నీ ఒకటేనన్నాడు. వినాలంటే మా ఆవిడే వినాలి, చర్చిలో పాట ఎత్తుకునేది తనే, శ్రుతి తప్పినవాళ్ళని ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర పట్టుకుని కడిగేస్తుంది అన్నాడు. చిన్నారి మొగుణ్ణి ఓ చూపు చూసి పానా అందుకుంది.

మొదట గట్టిగా పట్టుకుంది. వదులుగా, పిల్లకాకి ఈకని పట్టుకున్నట్టు పట్టుకోమన్నాడు మన్సూర్. కొట్టింది. తల పక్కకి వాల్చింది. ఆమె ముఖంలో కొత్త వెలుగు చూసి, పలుకు దొరికిందని ఆయనకు అర్థమైంది. అది నేర్చుకోవడానికి ఆయనకు మూడేళ్ళు పట్టింది.

ఆరింట్లో నాలుగు బాగున్నాయంది. పది-పదకొండు గొంతు పట్టేసిందంది. ఇంకోదాన్ని కొట్టి, మళ్ళీ కొట్టి, "ఇది చచ్చిపోయి ఉంది బాబాయ్" అంది.

అది పద్నాలుగు-పదిహేను. మొగుడి ముఖం పగలగొట్టిన సైజు. మన్సూర్ దాన్ని బల్ల అంచు కింద చీలికలో దూర్చి ఒక్క గుంజు గుంజాడు. మెడ దగ్గర సన్నటి పగులు నోరు తెరిచింది. షావుకారు కుర్చీలోంచి లేచాడు. మన్సూర్ ఆ ముక్కని చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. దీన్ని తనే, స్వయానా, దారం కట్టి ఇచ్చాడు. కళ్ళు చెమర్చాయి, తుడుచుకోలేదు.

ఆ సైజు కోసం కొత్త డబ్బాలోవి ఆమె ముందు పోశాడు. ఒకటి కొట్టి పక్కన పెట్టింది. రెండోది కొట్టింది. చెవికి ఆనించి ఊరుకుంది. ఎంతసేపటికీ తీయలేదు. ముఖంలో రంగు మారింది.

"ఇది ఆగట్లేదు."

మన్సూర్ ఆ పానాని పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు. ఎంతటి పలుకైనా పట్టుకుంటే చావాలి. ఇప్పుడో అని కళ్ళతోనే అడిగాడు. ఇంకా వస్తూనే ఉందని ఆమె తలూపింది. సాల్మన్ రాజు చెవి పెట్టి, తనకేం లేదన్నాడు. షావుకారూ విన్నాడు, ఏమీ లేదన్నాడు.

"ఎట్టా ఉందమ్మా?"

చిన్నారి చేతులు చీర కొంగుకి తుడుచుకుంది. "పక్కింట్లోంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టుంది బాబాయ్. నాది కాదు, ఎవరి పేరో తెలవట్లా."

మన్సూర్ దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు. మంచిదేగా, ఎందుకు పక్కన పెడుతున్నావని సాల్మన్ రాజు అడిగితే, చాలా మంచిదనీ, దాన్ని తనకే ఉంచుకుంటాననీ చెప్పాడు. ఆ సైజులో ఇంకోటి చిన్నారే ఏరుకుంది, పది-పదకొండూ ఏరుకుంది. ఈసారి మూట ఆమె చేతులతోనే కట్టించాడు. పోతూపోతూ ఆమె గుమ్మంలో ఆగి బల్ల వైపు ఒకసారి చూసి, గబగబా దిగిపోయింది.

గోపాలకృష్ణయ్య తిడతాడనుకున్నాడు. తిట్టలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు విన్న చెవి, ఒకరోజు అలిసిపోదా అన్నాడు. రేపు గుంటూరులో చెవి డాక్టరుకి చూపిద్దాం, ఇంటికి పొమ్మన్నాడు. పోతానన్నాడు మన్సూర్. పోకుండా, కొత్త డబ్బాలు అటక మీద సర్దాడు. కొట్టు వెనక చాప వేసుకుని సాయంత్రపు అసర్ నమాజు చేసుకున్నాడు. వచ్చి స్టూలు మీద కూర్చుని, ఆగని పానాని ఎడమ చెవికి ఆనించుకున్నాడు. అలా ఉన్నవాడల్లా చిన్నగా నవ్వడం షావుకారు చూశాడు. వినపడిందా మన్సూరూ అని అడిగాడు.

వినపడుతోందన్నట్టు తలూపి, పానా బల్ల మీద పెట్టి, వెనక ఇనప ర్యాకుకి వీపు ఆనించాడు.

కాసేపటికి ఎవరో కారు చక్రాలు విప్పే పానా కావాలని వచ్చారు. గోపాలకృష్ణయ్య రెండుసార్లు పిలిచాడు. మూడోసారి లేచి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు.

కొట్టు మళ్ళీ తీసింది సోమవారం. తాళం తీసి లోపలికి అడుగుపెడుతుండగానే షావుకారు ఫోను మోగింది. అవతల చిన్నారి. ఆదివారం ఆయిల్ బోల్టు విప్పారట. తుప్పు పట్టి మొండికేస్తే ఇద్దరూ కలిసి పానా పట్టుకుని గుంజారట. పానా చెక్కుచెదరలేదు, బోల్టే దిగొచ్చిందని, స్టాండ్లు పెట్టిందాకా ఆయన్ని కిందకి పోనివ్వలేదని, ఈ మాట బాబాయికి చెప్పమంది. గోపాలకృష్ణయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. చెప్తానన్నాడు.

ఫోను పెట్టేముందు చిన్నారి కాస్త ఆగి, ఆ రోజు పక్కన పెట్టిన పానా ఇంకా ఉందా అని అడిగింది.

ఆయన లోపలికి చూశాడు. మూడు రోజులు మూసి ఉన్న కొట్టులోకి ఊరి చుట్టూ ఉన్న సున్నపు బట్టీల దుమ్ము తలుపు సందుల్లోంచి వచ్చి స్టూలు మీదా, ర్యాకుల మీదా, బల్ల మీదా తెల్లగా పరుచుకుంది. పానా మన్సూర్ పెట్టిన చోటే ఉంది, దాని మీదా, దాని చుట్టూ బెత్తెడు మేరా మాత్రం దుమ్ము రేణువు వాలలేదు.