మావయ్య పోసిన వెచ్చని నాణెం

వీధిలో అందరూ ఆవిణ్ణి గీటురాయి అనేవాళ్ళు. పాత దొంగనాణేలకు సర్టిఫికెట్లు ఇవ్వడం ఆవిడ పని. అసలు నాణేలు ఎవరి దగ్గరైనా ఉంటాయి, మంచి దొంగనాణెం దొరకడమే కష్టమని సేకరించేవాళ్ళు వాటికోసం పడిచస్తారు. దొంగనాణేనికే మళ్ళీ దొంగనాణెం చేసే ఘనులు కూడా ఉంటారు కనుక, ఇది నిఖార్సయిన నకిలీ అని ఎవరో ఒకరు రాసివ్వాలి.

పొద్దున్నే టేబుల్ దీపం వెలిగించుకుని నాణేన్ని తూచేది, అంచు గీతలు చూసేది, భూతద్దం కింద బుడగల మచ్చలు వెతికేది. అచ్చులో పోసినదైతే ఆ మచ్చలు తప్పవు. ఆఖర్న గుప్పిట్లో పెట్టుకునేది. చేసినవాడు బతికున్నంతకాలం దొంగనాణెం వెచ్చగా ఉంటుంది, పోయాక చల్లబడుతుంది. పిల్లలకు కూడా తెలిసిన సంగతే. సర్టిఫికెట్ చల్లటి వాటికే. బతికున్నవాడు రేపు ఇంకో బుట్టెడు పోసుకోగలడు కదా, వెచ్చటిదాన్ని ఎవరు కొంటారు?

ఒకరోజు గడియారాల షాపాయన, పాతసామాన్లలో దొరికిందంటూ ఒక నాణెం ఇచ్చి వెళ్ళాడు. భూతద్దం కింద పెట్టగానే గీటురాయికి నవ్వొచ్చింది. నాణెం మీది రాజుగారికి తన తాతయ్య ముక్కు ఉంది. కొసన కాస్త వంగి, తుమ్ము ఆపుకుంటున్నట్టుండే ముక్కు. అలాంటి పని మావయ్యది తప్ప ఇంకెవరిదీ కాదు.

చిన్నప్పుడు వెనకగదిలో మావయ్య తగరం కరిగిస్తుంటే గుమ్మంలో కూచుని చూసేది. అచ్చు విప్పగానే మొదటి నాణేన్ని ఉఫ్ ఉఫ్‌మని ఊది, మేనకోడలి అరచేతిలో పెట్టి, రాజుగారెలా ఉన్నారే అని అడిగేవాడు. తాతయ్యలా ఉన్నారంటే పొంగిపోయేవాడు. మావయ్య చిన్నప్పుడే తల్లి పోతే, ఆ తమ్ముణ్ణి గీటురాయి వాళ్ళమ్మే పెంచింది. ఆయన జైలుకెళ్ళి తిరిగొచ్చిన రోజు మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడి, నాకు తమ్ముడు లేడంది. ఆయన చెప్పులైనా విప్పకుండా వెనుదిరిగాడు. కొన్నేళ్ళకు, ఎక్కడో పోయాడట అని ఎవరో అన్నారు. ఆ తర్వాత అమ్మ ఆయన ఊసెత్తలేదు, ఎవర్నీ ఎత్తనివ్వలేదు.

గీటురాయి నాణేన్ని గుప్పిట్లో పెట్టుకుంది. చురుక్కుమంది. వెచ్చగా కాదు, కాలిపోతోంది.

చేతిరుమాల్లో చుట్టుకుని ఇంటికి పరుగెత్తింది. అమ్మ నాణెం అందుకుంది. ముక్కు చూసింది, గుప్పిట మూసింది, కళ్ళు మూసుకుంది.

"వీడికి జ్వరం," అంది. "చిన్నప్పుడూ అంతే. వచ్చిందంటే ఒళ్ళు పెనమే."

గిన్నెలో చన్నీళ్ళు తెచ్చి, గుడ్డ తడిపి మడిచి నాణెం మీద వేసింది. గుడ్డ వేడెక్కితే మళ్ళీ తడిపి వేసింది. మధ్యమధ్య తిట్టింది. మొండివెధవ, కబురు పెట్టడానికి నోరు పడిపోయిందా, చచ్చావనుకుని ఎన్నేళ్ళు ఏడవాలిరా అని. గీటురాయి పక్కన కూచుని నీళ్ళు మార్చింది. ఇన్నాళ్ళూ చల్లటి నాణేలతో బతుకు వెళ్ళదీసిన మనిషి, ఇదొక్కటి చల్లబడకుండా ఉంటే చాలనుకుంది.

మర్నాడు మధ్యాహ్నానికి వేడి దిగింది. దిగి దిగి, గోరువెచ్చగా ఉన్నచోట ఆగింది. ఎంతసేపు చూసినా అంతకన్నా దిగలేదు. అప్పుడు అమ్మ గుడ్డ పిండి ఆరేసి, గోడకు జారబడి ఏడ్చింది.

వెచ్చటిదని చెబితే, అయితే నాకెందుకమ్మా, మీరే ఉంచుకోండి అన్నాడు గడియారాలాయన.

వానలు వెలిశాక మావయ్య వచ్చాడు. జుట్టు పలచబడింది, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. గుమ్మం బయటే నిలబడి, మెట్టుకేసి చూస్తూ చెప్పాడు. ఆసుపత్రిలో అందరూ ఆశ వదిలేసుకున్నారట. కళ్ళు తెరవలేకుండా పడున్నప్పుడు ఎవరో తన నుదుటిమీద తడిగుడ్డలు వేస్తూ, ఒకటే తిట్టారట.

"ఆ తిట్లు విన్నాక, రావచ్చనిపించిందక్కా," అన్నాడు.

అమ్మ దగ్గరికొచ్చింది. ఆయన నుదుటిమీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు తియ్యలేదు.

"ఒళ్ళింకా వెచ్చగానే ఉంది," అంది. "లోపలికి రా."